ఇంటి పని ముగించడానికి తలకిందుల చిట్కాలు

ఇంటి పనులు ఎక్కువగా ఆగిపోయేది చివరి మెట్టు మీదే. కొళాయి కొత్తది బిగిస్తారు, చుట్టూ పగిలిన గచ్చు పూడ్చరు. గోడకు రంగు వేస్తారు, స్విచ్చుబోర్డు మీద అంటించిన టేపు పీకరు. మిద్దె మీదికి మట్టి మోయిస్తారు, సగం కుండీలు ఖాళీగానే ఉంటాయి. అడిగితే "ఇంకెంత, కాస్తే కదా మిగిలింది" అంటారు. పని చేసిన సుఖమంతా ఆ కాస్తలోనే ఉంది. దాన్ని వదిలేస్తే పడ్డ శ్రమ మిగులుతుంది, సంతోషం చేతికి రాదు.

అన్నీ ఒకేసారి చేయించు, సెలవు దొరకగానే దిగిపో, ముందు సామానంతా కొనిపెట్టుకో అని అందరూ సలహా ఇస్తారు. ఆ సలహాల వల్లే కాస్త మిగిలిపోతుంది. అందుకే వాటిని తిరగేసి చెబుతున్నాను. వినడానికి విడ్డూరంగా ఉన్నా వీటిలో ఏదీ వేళాకోళానికి చెప్పింది కాదు.

1. మొదలుపెట్టకండి

ఆటంకాలకు జడిసి పని మొదలే పెట్టనివాళ్లు అధములనీ, మొదలుపెట్టి మధ్యలో విడిచేవాళ్లు మధ్యములనీ భర్తృహరి నీతిశతకం చెబుతుంది. పెద్ద కార్యాలకు ఆ వరుస సరే. ఇంటి పనులకు దాన్ని మార్చాలి. మొదలుపెట్టని పని ఎవరి దారికీ అడ్డం రాదు. సగం చేసిన పని వరండాలో ఇసుక కుప్పగా, మెట్ల కింద రంగు డబ్బాలుగా ఉండి రోజూ కాలికి తగులుతుంది. ఒకటి పూర్తిగా ముగిసేదాకా రెండోదాని మీద చెయ్యి వేయకండి. "మేస్త్రీ ఎలాగూ వచ్చాడు, ఆ బాత్రూము సంగతి కూడా చూడమందాం" అని ఇంట్లో ఎవరన్నా ఒప్పుకోకండి.

2. పనిని కుదించండి, ఆ తర్వాత ఇంకా కుదించండి

ఇల్లంతా రంగులు వేయాలనుకోకండి. ఒక్క గది తీసుకోండి. లప్పం పెట్టడం, కాగితంతో రుద్దడం, ప్రైమరు, రెండు కోట్లు, ఆపైన నేల మీద పడ్డ చుక్కలు గీకడం, కిటికీ ఊచలు తుడవడం, ఇవన్నీ అయితేనే ఆ గది అయినట్టు. ఎమల్షన్‌లో ఒక కోటుకీ ఇంకో కోటుకీ మధ్య సాధారణంగా 4 నుంచి 6 గంటలు ఆగాలి. నాలుగు గదులు ఒకేసారి ఎత్తుకుంటే ఆ ఆగే ఓపిక ఎవరికీ ఉండదు.

మిద్దె తోట కూడా అంతే. నాలుగు కుండీలతో మొదలుపెట్టండి. ఒక ఘనపుటడుగు తడిమట్టి 40 కిలోలకు పైనే తూగుతుంది. దాన్ని మోయాల్సింది మీ నడుమూ, మీ శ్లాబూ. నాలుగు కుండీల్లో వంగ, టమాటా, పచ్చిమిర్చి, గోంగూర వేసి కోత దాకా తీసుకెళ్లినవాళ్లు తోట పూర్తి చేసినట్టే. నలభై కుండీలు తెచ్చి పదింటికి నీళ్లు పోసేవాళ్లకు ఆ తృప్తి దొరకదు.

3. సగం సమయం చివరి పనికి అట్టేపెట్టండి

పని మొదలుకు రోజంతా, ముగింపుకు పావుగంట అనుకుంటారు. దాన్ని తిరగేయండి. కొళాయి చుట్టూ గచ్చు పూడ్చడానికి అరగంట చాలు. తడపడానికి రోజులు కావాలి. కాంక్రీటుకు మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, బూడిద వంటివి కలిపిన సిమెంటైతే కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఎండలు మండే పొడి వాతావరణంలో అవి 10, 14 రోజులవుతాయి. మన చిన్న పూతకూ అదే శ్రద్ధ చూపండి. పూడ్చిన రోజున పని అయిందనుకుంటే వేసవి గడిచేలోపు బీట కనబడుతుంది. తడిపే ఆఖరి రోజునే ముగింపుగా లెక్కపెట్టుకోండి.

4. విత్తనానికి ముందు పందిరి వేయండి

బీర, కాకర, సొర, చిక్కుడు విషయంలో అందరూ ముందు గింజ నాటి, మొక్క తీగ సాగాక పందిరి మాట తలుస్తారు. అప్పటికి తీగ నేల మీద పాకి ఉంటుంది. లేపి కట్టబోతే నులితీగలు తెగుతాయి, పూతా రాలుతుంది. మే నెల చివర రోహిణి కార్తెలో, పొద్దు ఎక్కకముందే సరివి కట్టెలు పాతి, జీఐ తీగ లాగి, పురికొసతో వల అల్లేయండి. జూన్‌లో మృగశిర కార్తె వచ్చాక గింజ పెట్టండి. మొక్కే లేని పందిరి ఏమిటని పక్కింటివాళ్లు అడుగుతారు, అడగనివ్వండి. ఆ కట్టెలూ తీగలే ముగించిన పని, మిగిలింది వాన చూసుకుంటుంది. సుమారు రెండు నెలల్లో బీరకాయలు తలకు తగులుతూ వేలాడతాయి.

5. సామాను కొనకండి

పనిముట్టు లేక పని ఆగిన రోజున దుకాణానికి వెళ్లండి, అంతకుముందు వద్దు. సామాను తెచ్చుకోగానే సగం పని అయినట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడమే పనికి శత్రువు. ఒక సుత్తి, ఒక స్క్రూడ్రైవరు, ఒక తాపీ, ఒక పలుగు ఉన్న ఇంట్లో ఎన్నో పనులు ముగుస్తాయి.

6. పని కాకముందే చుట్టాల్ని పిలవండి

అంతా అయ్యాక పిలుద్దామనుకునేవాళ్ల ఇంటికి ఎవరూ రారు, ఎందుకంటే అంతా ఎప్పటికీ అవదు. మన పెద్దలు ముహూర్తం ముందు పెట్టి పని తర్వాత చేసేవారు. సంక్రాంతికి గోడలు తెల్లగా ఉండాలి, అంతే. సున్నం నానబెట్టి, గుడ్డలో వడగట్టి, జిగురూ కాస్త నీలిమందూ కలిపి, గోడ తడిపి పూసేవారు. భోగిమంట నాటికి ఆఖరి గోడ కూడా అయిపోయేది. పండగ ఎవరి కోసమూ ఆగదు గనుక ముగించక తప్పేది కాదు. మీరూ అలాగే చేయండి. శ్రావణ శుక్రవారం పేరంటానికి ముత్తైదువుల్ని పిలిచేయండి, ఆ తర్వాత రంగు డబ్బా మూత తీయండి.

7. ముగించాక ఏ పనీ చేయకండి

ఇది అన్నిటికన్నా కష్టం. పని అయిన మరుక్షణం కళ్లు తర్వాతి లోపం మీదికి పోతాయి. పోనివ్వకండి. కనీసం ఒక పూట కుర్చీ వేసుకుని, కాఫీ గ్లాసుతో మీరు చేసినదాని ఎదుట కూర్చోండి. ఇంట్లోవాళ్లనూ పిలిచి చూపించండి. చేత్తో తడమండి. గోడ నునుపు, కారని కొళాయి, పందిరి కింద నీడ మీ కష్టానికి కూలి. కూలి తీసుకోకుండా మరుసటి పనికి పోయేవాళ్లు త్వరలోనే విసిగిపోతారు, అప్పుడే సగం పనులు పోగుపడతాయి.

రేపు ఆదివారం కొత్తదేదీ తలపెట్టకండి. ఇంట్లో ఏళ్లుగా "కాస్తే మిగిలింది" అనిపించుకుంటున్న పనుల్లో అన్నిటికన్నా చిన్నది ఏరి, దాన్ని ముగించండి.