అరచేతిలో ప్రాణాలు

కారు అమ్మేవాళ్లు నా ఊసెత్తరు. రంగు చెబుతారు, మైలేజీ చెబుతారు, సీటును వెచ్చబరిచే మీట నొక్కి చూపిస్తారు, పైకప్పు అద్దం జరిపి ఆకాశం కూడా చూపిస్తారు. నేలను చూపించరు. ఆ నేల మీద ఆనేది నేను. మంచు టైరుని.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ శివారులో ఉండే ఒక తెలుగువారి కారుకి ముందు ఎడమ చక్రం నేను. నాతోపాటు మరో ముగ్గురు అన్నదమ్ములున్నారు. టన్నున్నర దాటిన బండి మా నలుగురి మీదే నిలబడుతుంది. ఒక్కొక్కరం రోడ్డుకి ఆనించేది అరచేయంత మేర. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లడమని మీరంటారే, కారెక్కిన ప్రతివాడూ చేసేది అదే.

మా వంశం మూలాలు ఫిన్లాండులో ఉన్నాయి. ఇప్పుడు నోకియన్ టైర్స్ అని పిలిచే కర్మాగారం 1934లో మంచు రోడ్ల కోసమని లారీ టైరు ఒకటి చేసింది. రెండేళ్లకి కార్లకూ చేసింది. అక్కడినుంచి చలిదేశాలన్నిటా మేం పాకిపోయాం.

నన్ను ఈ ఇంటికి తెచ్చింది ఒక జారుడు. నేను రాకముందు సంగతది, గ్యారేజీలో ఇంట్లోవాళ్లు చెప్పుకోగా విన్నాను. మా అయ్యగారు హైదరాబాదు నుంచి వచ్చిన మొదటేడు కారు కొనాలనుకున్నారు. "ఆల్ వీల్ డ్రైవ్ లేకపోతే ఇక్కడ చలికాలం గడవదు బావా" అని స్నేహితులు ఒకటే పోరు. అప్పు కాస్త పెంచి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఎత్తైన బండినే కొన్నారు. డిసెంబరులో మొదటి పెద్ద మంచు పడింది. అందరి కార్లూ పార్కింగులో గిరగిరా చక్రాలు తిప్పుకుంటుంటే ఈయన బండి రాజాలా బయటికొచ్చింది. ఆ ధీమాతోనే నాలుగు వీధులు దాటి, చిన్న పల్లం దిగుతూ స్టాప్ గుర్తు దగ్గర బ్రేకు తొక్కారు. బండి ఆగలేదు. నింపాదిగా జారుతూ కూడలి దాటి, అవతలి గట్టుకి కొట్టుకుని నిలబడింది. ఎదురుగా ఎవరూ రాకపోబట్టి రిమ్ము సొట్టతో సరిపోయింది.

అప్పుడే మనవణ్ణి చూసుకోవడానికి అయ్యగారి నాన్నగారు వచ్చి ఉన్నారు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. శ్రీశైలం ఘాటు రోడ్డు మీద వానల్లో బస్సు నడిపిన చెయ్యి. మంకీ క్యాప్ పెట్టుకుని గ్యారేజీలో కాంక్రీటు మీద గొంతుక్కూర్చుని టైరు మీద బొటనవేలు నొక్కారు. వేలు దిగలేదు.

"ఒరేయ్, బండికి నాలుగు కాళ్లలోనూ బలం ఉందిరా. చెప్పులే పనికిరావు."

"కొత్తవే కదా నాన్నా. ఆల్ సీజన్ అని రాసుంది."

"రాయడానికేం? రాయిలా ఉంటే రోడ్డునేం పట్టుకుంటుంది? ఇంజను నాలుగు చక్రాల్నీ తిప్పితే బండి కదలడానికి సాయం. ఆపేటప్పుడు ఇంజనుకేం పనిరా? నాలుగింటికీ బ్రేకులు ప్రతి కారుకీ ఉంటాయి. ఆ బ్రేకు రోడ్డుకి అందాలంటే టైరు పట్టాలి."

ఆయనకి మంచు కొత్త, టైరు పాత. అందుకే అసలు సంగతి దొరికింది.

మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగేకొద్దీ బిగుసుకుంటుంది. పాకం ముదిరిన వేరుశనగ అచ్చులాగా అన్నమాట. నా ఒంట్లో సిలికా ఎక్కువ కలిపి, చలిలో కూడా చిమ్మిలి ముద్దలా మెత్తగా ఉండేలా చేస్తారు. నా గాడులు లోతు. ఆ గాడుల్లోకి మంచు దిట్టంగా కూరుకుంటుంది. మంచుకి మంచే బాగా అంటుకుంటుందని ఉండలు చేసే ఏ పిల్లాణ్ణడిగినా చెబుతాడు. ఇక గాడుల మధ్య దిమ్మెల మీద బ్లేడుతో గీసినట్టు వందల సన్నని చీలికలుంటాయి. చక్రం దొర్లుతుంటే అవి విచ్చుకుని వాటి అంచులు మంచుని కరుచుకుంటాయి.

నన్ను గుర్తుపట్టాలంటే నా పక్కభాగం చూడండి. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచుపువ్వు బొమ్మ ఉంటుంది. మంచు మీద పరీక్షకి నిలిచిన టైరుకే ఆ బొమ్మ. ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు వేరు. బురదకీ మంచుకీ తగినట్టు గాడులు కోశామని చెప్పడమే తప్ప, వాటికి ఆ పరీక్ష అక్కర్లేదు.

పెద్దాయన మాట విని టైర్ల కొట్టుకి వెళ్లినా, మా అయ్యగారు మన బుద్ధి పోనిచ్చుకోలేదు. "రెండు చాలవా?" అన్నారు. కొట్టువాడు ససేమిరా అన్నాడు. ముందు రెండే మార్చితే ముందు భాగం రోడ్డుని పట్టుకుంటుంది, వెనక భాగం పట్టుకోదు. మలుపులో వెనక ముందుకొచ్చి బండి బొంగరమవుతుంది. "నాలుగంటే ఖర్చు రెండింతలు కదా" అని అయ్యగారు నసుగుతుంటే అమ్మగారు లెక్క తేల్చారు. "ఆరు నెలలు ఇవి తిరుగుతాయి, ఆరు నెలలు అవి తిరుగుతాయి. ఏవైనా ఏడాదికి సగమే అరుగుతాయి కదండీ." ఆ మాటతో మేం నలుగురం ఇల్లు చేరాం. కారు అప్పు కట్టేటప్పుడల్లా అయ్యగారు ఇప్పటికీ ఒకటే అంటుంటారు: ముందు చక్రాలు లాగే చిన్న కారు కొని, మిగిలిన డబ్బులో కొంత పెట్టి మంచు టైర్లు వేయించుకున్నా సరిపోయేదని. నిజమే. అలాంటి కారులో ఇంజను బరువు లాగే చక్రాల మీదే ఉంటుంది, ఊళ్లో తిరగడానికి ఢోకా లేదు. రోడ్డు మీద లోతుగా పడిన మంచు తోయకముందే బయల్దేరాల్సినవాళ్లకి మాత్రం నేలకి ఎత్తుగా ఉండే బండే నయం. కింది భాగం మంచు మీద ఆనిందంటే మేమూ చేసేదేమీ ఉండదు.

మమ్మల్ని బిగించాక వచ్చిన ఆదివారం పెద్దాయన కొడుకుని ఖాళీ పార్కింగు మైదానానికి తీసుకెళ్లారు. "గట్టిగా తొక్కు" అన్నారు. అయ్యగారు తొక్కారు. నేను కరిచాను, జారాను, మళ్లీ కరిచాను. పెడలు కాలి కింద దడదడలాడింది. "వదిలి వదిలి తొక్కరా!" అని పెద్దాయన కేక. పాత బస్సు అలవాటది. "అక్కర్లేదు నాన్నా, ఆ పని ఏబీఎస్ చేస్తుంది, తొక్కి పట్టుకోవడమే" అని కొడుకు సర్దాడు. ఆయనకి ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నారు. ఆయన నేర్పింది మాత్రం ఈనాటికీ పనికొస్తోంది. జారేటప్పుడు గుద్దుకోబోయేదాని వైపు చూడకు, వెళ్లాల్సిన వైపు చూడు. చూపెటు పోతే చెయ్యటు పోతుంది.

నా గొప్పలు ఎన్ని చెప్పుకున్నా నల్లమంచు ముందు నేనూ తలవంచాల్సిందే. నీటిపొరలా పారదర్శకంగా గడ్డకట్టి, తడి రోడ్డనిపించి మోసం చేస్తుంది. వంతెనల మీద ముందుగా పేరుకుంటుంది, వాటికి అడుగునుంచీ చలిగాలే మరి. రోడ్డు మీద ఉప్పు చల్లారుగా అనుకోకండి. 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగితే మామూలు ఉప్పు పెద్దగా కరిగించలేదు. అక్కడ మీ ముందున్న కారుకి మీరిచ్చే దూరమే మందు.

ఇంకో విన్నపం, గాలి గురించి. చలి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు పెరిగితే నాలో సుమారు ఒక పాయింటు గాలి తగ్గుతుంది. అక్టోబరులో 50 డిగ్రీలప్పుడు 35 పాయింట్లు పట్టించి మరిచిపోతే, సున్నాకి 10 కిందికి దిగిన జనవరి ఉదయానికి 29 దగ్గరుంటాను. నెలకోసారైనా చూడండి.

ఏప్రిల్ వస్తే నాకు సెలవు. ఎండకి నా మెత్తని ఒళ్లు త్వరగా అరిగిపోతుంది కాబట్టి నన్ను దించేసి, గ్యారేజీ మూల సోనామసూరి బస్తాల పక్కన పడుకోబెడతారు. అలా ఐదు చలికాలాలు గడిచాయి. మొన్న అక్టోబరులో అయ్యగారు పావు డాలరు నాణేన్ని తలకిందులుగా నా గాడిలో దించారు. వాషింగ్టన్ తల పైకొస బయటికి కనబడింది. అంటే గాడి లోతు అంగుళంలో 32 భాగాల్లో నాలుగు కూడా లేదు. మంచులో తిరగడానికి అది చాలదు. వీడియో కాల్‌లో పెద్దాయన చూసి, "ఇంక దించెయ్యరా, దాని డ్యూటీ అయిపోయింది" అన్నారు. ముప్పై ఏళ్లు డ్యూటీ చేసినాయన ఆ మాటన్నాక నాకు బాధ లేదు.

కొత్త నలుగురూ వచ్చే వారం వస్తారు. నేను పోయేముందు మీకొక్క మాట. కారు కొనడానికి వెళ్లినప్పుడు పైకప్పు అద్దంలోంచి ఆకాశం చూశాక, ఒక్కసారి కింద కూర్చుని నాలుగు చక్రాలూ తడిమి చూడండి. మీ ప్రాణాలున్న అరచెయ్యి ఎంత అరిగిందో అక్కడే తెలుస్తుంది.