స్క్రీన్‌కి చలేస్తుందా?

మొన్న సంక్రాంతి ముందు, తెల్లవారుజామున మా మేనల్లుడు మిన్నెసోటా నుంచి వీడియో కాల్ చేశాడు. ఇక్కడ దమ్మాయిగూడలో నేను మఫ్లర్ చుట్టుకుని చాయ్ కోసం చూస్తున్నా. అక్కడ మైనస్ ఇరవై అట. “మామా, ఇది చూడు” అని ఫోన్ తిప్పాడు. వాళ్ల ప్లాంటు కూలింగ్ టవర్‌కి గాలి లోపలికి పోయే జాలీల పొడవునా మంచు మర్రి ఊడల్లా వేలాడుతోంది.

“ఎప్పటి నుంచి?” అన్నా.

“తెలీదు మామా. స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంది.”

ఒళ్లు మండింది. స్క్రీన్‌కి చలేస్తుందా?

మా రోజుల్లో ఇలా కాదు. ఈసీఐఎల్, మల్లాపూర్ మీదుగా సైకిల్ తొక్కుకుంటూ నాచారం పోయేవాణ్ని, అక్కడో ఫ్యాక్టరీలో యుటిలిటీ డ్యూటీ. షిఫ్ట్ ఎక్కగానే మా ఫోర్‌మన్ అడిగేది ఒక్కటే: “టవర్ కాడికి పోయొచ్చినవా?” పోయి రావడమంటే గేర్‌బాక్స్ చప్పుడు వినాలి, నిచ్చెనెక్కి నాజిళ్లన్నీ సమంగా చిమ్ముతున్నాయో లేదో చూడాలి, బేసిన్ మట్టం చూడాలి. ఆ తర్వాతే లాగ్‌బుక్కు. ఇప్పటి పిల్లలు కుర్చీ తిప్పి నాలుగు స్క్రీన్లు చూస్తే రౌండ్ అయిపోయినట్టే.

హైదరాబాద్‌లో నీళ్లు గడ్డకట్టే ముచ్చట లేదు. 1946 జనవరిలో 6.1 డిగ్రీలకు దిగితేనే రికార్డు. అయినా చలికాలం మాకూ పాఠం చెప్పింది. ఒక జనవరి రాత్రి టవర్ ఫ్యాన్ ఆపకుండా కునుకు తీశాను. నీళ్లు మరీ చల్లబడి, కండెన్సర్‌లో ప్రెషర్ పడిపోయి, మూడింటికి చిల్లర్ ట్రిప్పయింది. పొద్దున ఫోర్‌మన్ తిట్టలేదు. “టవర్‌కి ఎండాకాలం ఆకలి, చలికాలం అజీర్తి. తెలిసి పెట్టాలె” అన్నాడు. తిట్టినా బాగుండేది.

మేనల్లుడికి అదే చెప్పా. “నీ సెన్సర్ పైపులో కలిసిపోయిన నీళ్ల వేడి చూపిస్తుందిరా. జాలీ అంచున సన్నగా కారే చుక్కకి బయటి గాలి నేరుగా తగుల్తుంది. పైపులో పది డిగ్రీలున్నా ఆ చుక్క గడ్డకడుతుంది.”

“చలి కదా అని నీళ్లు తగ్గించాం మామా.”

“అదే తప్పు! సన్నధారే ముందు గడ్డకట్టేది. పని తక్కువుంటే టవర్‌లో ఒక సెల్ పూర్తిగా మూసెయ్యి, మిగతా వాటికి నిండుగా పొయ్యి. తగ్గించాల్సింది ఫ్యాన్ వేగం, అదీ నడిచే సెల్స్ అన్నిటికీ ఒకేలా. స్టార్ట్ చేసేటప్పుడు నీళ్లు వేడెక్కేదాకా బైపాస్‌లో నేరుగా బేసిన్‌కి వదులు. తర్వాత మొత్తం పైకి పంపు, సగం సగం వద్దు.”

“ఫ్యాన్ రివర్స్ తిప్పితే మంచు కరుగుతుందట?”

“కరుగుతుంది. కానీ ముందు ఫ్యాన్ పూర్తిగా ఆగాలి, లేకపోతే గేర్‌బాక్స్ పళ్లు పోతాయి. తక్కువ వేగంలో, కొన్ని నిమిషాలే. ఎక్కువసేపు తిప్పితే రెక్కల మీదే మంచు పేరుకుని ఫ్యాన్ ఊగుతుంది. కింద ఎవరూ నిలబడొద్దు, ఊడిపడే గడ్డ తల మీద పడితే అంతే. లోపల నీళ్లు పరుచుకుని జారేది ప్లాస్టిక్ ఫిల్ మీద కదా? అది మంచు బరువు మోయలేదు, కుప్పకూలుతుంది.”

మా కాలంలో ఫిల్ అంటే చెక్కపట్టీలు. ఆ కాలపు టవర్లే పోతున్నాయిప్పుడు. 2024 ఆగస్టులో పాల్వంచలో పాత థర్మల్ స్టేషన్ టవర్లు ఎనిమిదింటిని పేల్చి కూల్చేస్తుంటే టీవీలో చూశా. ఫ్యాన్ లేకుండా ఆకారంతోనే గాలి లాగిన రాక్షసులు. అవి పడుతుంటే నా ఈడువాళ్లు పోయినట్టే అనిపించింది.

“సరే మామా, బయటికి పోయి చూసొస్తా” అని వాడు బూట్లు వేసుకున్నాడు. అరగంటకి మళ్లీ ఫోన్. “ఆ మూల రెండు నాజిళ్లు పూడిపోయినయ్. నీళ్లు సన్నగా కారేది అక్కడే.”

“చూశావా! స్క్రీన్ చెప్పిందా నీకు?” అని నేను ఇంకా ఏదో మొదలుపెట్టబోయా.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది: “గంట నుంచి మేడ మీద ట్యాంకు పొంగి పోతోంది! ఆ ఫోన్ పక్కన పెట్టి పోయి చూడండి.”