సున్నాకు మంగళహారతి

మా వీధికి నెలకొక పండగ వస్తుంది. పంచాంగంలో ఉండదు. మెడలో చిన్న యంత్రం తగిలించుకుని మీటర్ రీడర్ సందు మొగదల కనబడితే అదే గుర్తు. అతను గోడమీది మీటరు చూసి అంకెలు నొక్కుతాడు. యంత్రం కిర్రుకిర్రుమని మూరెడు కాగితం కక్కుతుంది. అందుకునేవాళ్ళ చూపు మధ్యలో ఎక్కడా ఆగదు, తిన్నగా అడుగు వరుసకు పోతుంది. అక్కడ సున్నా ఉంటే ఇంటిల్లిపాదీ ఊపిరి వదులుతారు. చింతామణిలో మా ఎదురింటి పెద్దాయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కైవారం తాతయ్య పటం వెనక దోపుతాడు. 2023 ఆగస్టు నుంచి దోపుతున్నాడు. పటం ఇప్పుడు గోడకు జానెడు ముందుకొచ్చి నిలబడింది. ఆ కాగితం మీది అక్షరాలు రెండు నెలలకే వెలిసిపోతాయి కాబట్టి పాత బిల్లులన్నీ ఇప్పుడు ఒట్టి తెల్ల కాగితాలే. ఆయన భక్తికి అదేమీ అడ్డం కాలేదు.

బిల్లు కన్నడంలో వస్తుంది, దాని మీద పంచాయితీ తెలుగులో జరుగుతుంది. చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏ సర్కారు కాగితమైనా అంతే.

ఈ పండగ పేరు గృహజ్యోతి, కర్ణాటక సర్కారు ఉచిత కరెంటు పథకం. నీకూ ఫ్రీ, నాకూ ఫ్రీ అని ఎన్నికల సభల్లో ఊదరగొట్టిన హామీ. ఇంటింటికీ 200 యూనిట్లు. 2023 జూన్ 18 నుంచి సర్కారు పోర్టల్ సేవాసింధులో పేర్లు రాయించుకున్నారు, ఆగస్టులో మొదటి సున్నా బిల్లులు చేతికిచ్చారు. ఉచితం అనగానే దేశం మునిగిపోయిందని గుండెలు బాదుకునే పెద్దమనుషుల జట్టులో నేను లేను. పేదింట్లో దీపం వెలిగితే నాకేం ఏడుపు? నా తగువంతా ఆ '200' అనే అంకెతోనే. మైకులో 200. కాగితంలో మాత్రం ఒక్కో ఇంటికి ఒక్కో అంకె.

లెక్క ఇదీ: 2022-23 ఆర్థిక సంవత్సరంలో మీరు నెలకు సగటున ఎన్ని యూనిట్లు వాడారో చూస్తారు. దానికి పది శాతం కలుపుతారు. అంతవరకే ఉచితం. అది దాటితే దాటినవాటికి డబ్బు, 200 దాటితే మొత్తానికీ డబ్బు. అంటే 2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా మనందరం ఒక పరీక్ష రాశామన్నమాట. హాల్ టికెట్టు లేదు, సిలబస్ లేదు, పరీక్ష జరుగుతోందన్న సంగతే ఎవరూ చెవిన వేయలేదు. ఆ ఏడాది పట్టపగలు లైట్లు వేసుకుని, మనిషి లేని గదుల్లో ఫ్యాన్లు తిప్పినవాళ్ళు ఫస్టు క్లాసులో పాసయ్యారు. "ఎవరూ లేని గదిలో లైటెందుకురా, మీ తాత సంపాదించి పెట్టినాడా" అని అరిచి ఆర్పించినవాళ్ళు అత్తెసరు మార్కులతో బయటపడ్డారు. మా ఇంట్లో అరిచింది నేనే. ఆ సంగతి మా ఆవిడ నెలకొకసారి, సరిగ్గా బిల్లు వచ్చిన రోజున, గుర్తుచేస్తుంది.

బాగేపల్లి పక్క పల్లెలో మా అవ్వ ఉంది. రెండు బల్బులు, ఒక ఫ్యాను, పొద్దుగూకినాక కాసేపు టీవీ. పరీక్ష ఏడాది ఆమె సగటు 40. పది శాతం కలిపి 44 రాశారు. నాలుగు యూనిట్ల దానం మరీ ఎబ్బెట్టుగా ఉందని సర్కారుకే తోచిందేమో, 2024 జనవరిలో 48 లోపు సగటున్నవాళ్ళకు పది శాతం బదులు పది యూనిట్లు కలపాలని నిర్ణయించారు. అవ్వ కోటా 50కి చేరింది. ఎదురింటి పెద్దాయనకు మేడమీద ఏసీ, స్నానాల గదిలో గీజరు. ఆయన సగటు 180, కోటా 198. 2025-26 రేటు యూనిట్‌కు 5 రూపాయల 80 పైసలు. ఆ లెక్కన అవ్వకు నెలకు 290 రూపాయల సాయం, ఏసీ కింద పడుకున్నాయనకు 1,148 రూపాయల సాయం. ఇద్దరి కాగితాల మీదా సున్నా మాత్రం ఒకటే. గుండ్రంగా, ముచ్చటగా, ఏ తేడా తెలియనివ్వకుండా.

ఇంకా విచిత్రం చూడండి. కొత్తగా మీటరు పెట్టించుకున్నవాళ్ళకు పాత లెక్క ఉండదు కదా. వాళ్ళకు రాష్ట్ర సగటు 53 తీసుకుని, పది శాతం కలిపి 58 ఇచ్చారు. మొన్న కాపురం పెట్టిన జంటకు 58, నలభై ఏళ్ళుగా తప్పకుండా బిల్లు కట్టిన ముసలమ్మకు 50. ఆ మీటరు పీకించేసి కొత్త పెళ్ళికూతురిలా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమని అవ్వకు సలహా ఇచ్చాను. "నీ పెళ్ళికే నాకు తీరిక లేకపోయె, నాకు మళ్ళా పెళ్ళేందిరా" అంది.

కోటా దాటకుండా ఉండటానికి మా వీధి పడే పాట్లు చూస్తే అష్టావధానులు కూడా నమస్కారం పెడతారు. నెలాఖరు వారం మొదలైతే ఇస్త్రీ ఉండదు, గ్రైండరు తిరగదు. మా చెల్లెలిది కైవారం, వాళ్ళింట్లో యూనిట్లు మిగులుతాయి. అందుకని మా ఆవిడ నానబెట్టిన బియ్యం, ఉద్దిపప్పు రెండు గిన్నెల్లో సర్దుకుని బస్సెక్కుతుంది. శక్తి పథకంలో ఆడవాళ్ళకు టికెట్టుకు డబ్బు లేదు. అక్కడ రుబ్బుకుని సాయంత్రానికి పిండితో దిగుతుంది. ఒక ఉచితం మీద ఎక్కి ఇంకో ఉచితాన్ని రుబ్బుకొచ్చే ఈ ఆర్థికశాస్త్రం ఏ విశ్వవిద్యాలయంలోనూ చెప్పరు. ఒక పేరున ఎన్ని మీటర్లున్నా ఒక్కదానికే ఉచితమన్నారు కాబట్టి పక్క వీధిలో ఇంకో వింత జరిగింది. గట్టు పంచుకోవడానికి పదేళ్ళు కోర్టుకు తిరిగిన అన్నదమ్ములు కరెంటు కనెక్షనుకిచ్చే ఆర్‌ఆర్ నంబరు కోసం వారంలో వేరుపడ్డారు. పొయ్యి ఇప్పటికీ ఒకటే, మీటర్లు రెండు.

నేనూ తక్కువ తినలేదు. తిరణాలలో 350 రూపాయలు పోసి ఒక తెల్ల డబ్బా కొన్నాను. ప్లగ్గులో పెడితే పచ్చదీపం వెలుగుతుంది, బిల్లు సగానికి సగం తగ్గిపోతుందని అమ్మినవాడు వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు. రెండు నెలలయ్యాక విప్పి చూస్తే లోపల ఒక కెపాసిటరు, ఒక చిన్న దీపం. కెపాసిటరు పవర్ ఫ్యాక్టరును సరిచేస్తుంది, పెద్ద మోటార్లున్న కార్ఖానాలకు దానితో పని. ఇంటి మీటరు లెక్కపెట్టేది నిజంగా ఖర్చయిన యూనిట్లనే. డబ్బా ఉన్నా, ఊడినా దానికి ఒకటే. ఆ పచ్చదీపం మాత్రం నా కోటాలోంచే వెలుగుతోంది.

సిగ్గుపడి, ఒక రాత్రి మీటరు ముందే పీట వేసుకుని కూర్చున్నాను. దానిమీద 3200 అని ఉంటుంది. ఎర్రచుక్క 3,200 సార్లు మిణికితే ఒక యూనిట్. ఫ్రిజ్జుతో సహా ఇంట్లో అన్నీ ఆర్పి వచ్చి చూశాను. చుక్క మిణుకుతూనే ఉంది, కొంచెం నింపాదిగా. టార్చి పట్టుకుని ఇల్లంతా వెతికితే టీవీ పక్కన సెట్ టాప్ బాక్సు దొరికింది. ముట్టుకుంటే కోడిగుడ్డులా వెచ్చగా ఉంది. టీవీని రిమోటుతో ఆర్పాం కానీ దీని గొంతు ఎవరూ నొక్కలేదు. 12 వాట్లు వేసుకున్నా రాత్రింబవళ్ళు కలిసి నెలకు ఎనిమిదిన్నర యూనిట్లు. అవ్వకు సర్కారు దయతలచి కలిపిన పదిలో ఎనిమిదిన్నర ఈ పెట్టె నిద్రలోనే తాగేస్తుంది. గృహజ్యోతి పుణ్యాన నేను నేర్చుకున్న పనికొచ్చే విషయం ఇదొక్కటే.

ఇక 201వ యూనిట్ సంగతి. 200 దాకా వచ్చి ఆగితే పుణ్యాత్ములు. పొరపాటున ఇంకొక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఎక్కువ కాలిందా, మొత్తం మీ నెత్తిన. 2025-26 లెక్కలోనే చెప్తాను. 201 యూనిట్లకు 1,165 రూపాయల 80 పైసలు. రెండు కిలోవాట్ల ఇంటికి ఫిక్సెడ్ చార్జీ 290. పింఛన్ల సర్‌చార్జీ 72. తొమ్మిది శాతం పన్ను 105. వెరసి 1,633 రూపాయలు. ఇంధన సర్దుబాటు ఆ నెల ఎంతుంటే అంత, అది వేరే. ఆ ఒక్క యూనిట్‌తో కాగిన ఒక బకెట్టు వేడినీళ్ళకు పదహారు వందలు! బంగారు చెంబుతో పోసుకున్నా అంత కాదేమో.

మా పాత కోలారు జిల్లాలో కరెంటుకూ బంగారానికీ చుట్టరికం పాతదే లెండి. 1902లో శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్లు తీగ లాగి కరెంటు తెచ్చింది కేజీఎఫ్ బంగారు గనులకే. బెంగళూరు వీధిదీపం సైతం 1905 దాకా ఆగాల్సి వచ్చింది. కృష్ణరాజసాగరం కట్టడానికి చెప్పిన కారణాల్లో ఆ గనులకు తెగకుండా కరెంటు ఇవ్వడం ఒకటి. ఆ పని మొదలుపెట్టించిన విశ్వేశ్వరయ్యగారు చిక్కబళ్ళాపురానికి కూతవేటు దూరంలోని ముద్దేనహళ్ళిలో పుట్టారు. ఇంటిపేరు మోక్షగుండం, అది పాత ప్రకాశం జిల్లా ఊరు. ఆయన మీద ఒక కథ మా బళ్ళలో చెప్పకుండా వదలరు: సర్కారు పనికి సర్కారు కొవ్వొత్తి, సొంత ఉత్తరం రాసుకోవాలంటే అది ఆర్పి సొంత కొవ్వొత్తి. కథ జరిగిందో లేదో ఆయనకే తెలియాలి. ఈ కాలంలో అయితే ఆయన సొంత కొవ్వొత్తి ఎంత తక్కువ కాల్చాడో కొలిచి, సర్కారు కొవ్వొత్తిని ఆ పొడుగుకే కోసి ఇచ్చేవాళ్ళు.

కొడికొండ చెక్‌పోస్టు అవతల లెక్క వేరు. ఆంధ్రాలో మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు, ఆపైన 75 దాకా 3 రూపాయలు. అలా మెట్లు మెట్లుగా పోయి 225 దాటితే 8 రూపాయల 75 పైసలు. మా అవ్వ హిందూపురం కోడలై ఉంటే ఆ 40 యూనిట్లకు 87 రూపాయలు, పైన ఇతర చార్జీలు కట్టాలి. ఇక్కడ సున్నా. కాబట్టి అవ్వ విషయంలో నేను ఇక్కడి సున్నాకే చెయ్యెత్తుతాను. కానీ ఒకటి గమనించండి. అక్కడ ఎక్కువ వాడితే రేటు పెరుగుతుంది. ఇక్కడ ఎక్కువ వాడి ఉంటే కోటా పెరిగింది.

ఇంతకీ ఈ సున్నా డబ్బు ఎవరు కడుతున్నారు? మన పేరు చెప్పి కరెంటు సంస్థ బెస్కాంకు సర్కారు కడుతుంది, సర్కారుకు మనమే కడతాం, అది అందరికీ తెలిసిన దాగుడుమూతలే. నాకు నవ్వొచ్చేది 2025 మార్చి ముచ్చటకు. యూనిట్ ధర పది పైసలు తగ్గింది, 5.90 నుంచి 5.80కి. శుభం. అదే నెలలో ఫిక్సెడ్ చార్జీ కిలోవాటుకు 120 నుంచి 145 అయింది. కరెంటు సంస్థల ఉద్యోగుల పింఛను, గ్రాట్యుటీల కోసం యూనిట్‌కు 36 పైసలు కొత్తగా వచ్చి కూర్చున్నాయి. పది తీసి ముప్పై ఆరు వేస్తే తగ్గినట్టు అని నేర్పే లెక్కల మాస్టారు మా బడిలో లేకపోయారు, ఉంటే నేనూ పాసయ్యేవాణ్ణి. ఇదంతా సున్నావాళ్ళకు పట్టదు. ఎందుకు పట్టాలి? రాగులు పట్టించుకోవడానికి పిండిమరకు పోయినప్పుడు పడుతుంది. మరకు గృహజ్యోతి లేదు. శేరుకింత అని మరాయన పెంచితే "కాలం చెడిపోయింది" అని తిట్టుకుంటూ ఇచ్చి వస్తాం.

కొత్త కనెక్షన్లకు 2025 ఫిబ్రవరి నుంచి స్మార్ట్ మీటరు అన్నారు. సింగిల్ ఫేజుదే ఐదు వేల రూపాయల దాకా అనేసరికి గొడవై హైకోర్టు మెట్లెక్కింది. దాని కథ తీరిగ్గా ఇంకోసారి. ఈలోగా మా అవ్వ పల్లె పక్కనున్న బాగేపల్లికి భాగ్యనగరం అని పేరు పెట్టాలని అదే ఏడాది జూలైలో నందికొండ మీద మంత్రివర్గం నిర్ణయించింది. భాగ్యం పేరులోకి వచ్చింది, మీటర్లోకి రావాల్సి ఉంది.

పోయిన నెల అవ్వ బిల్లు నేనే చదివి పెట్టాను.

"ఎంతరా?"

"సున్నా అవ్వా. 50కి 31 వాడినావు."

"ఇంకా పంతొమ్మిది ఉండాయా? అవి వచ్చే నెలకు ఎత్తిపెట్టుకోవచ్చునా?"

"ఈ నెలవి ఈ నెలకే. మిగిలితే పోతాయవ్వా."

"సంగటి ముద్ద నీళ్ళలో ఏసిపెడితే తెల్లారికి ఉంటాది కదరా. ఇదేం కరెంటురా?"

జవాబు చెప్పగలిగినవాళ్ళు విధానసౌధలో ఉన్నారు కాబట్టి ఈ ముక్క వాళ్ళకే రాస్తున్నాను. అయ్యా, 2022-23 మార్కుల జాబితా చించేయండి. డెబ్బై అయిదంటారో వందంటారో మీ ఖజానా చూసుకుని చెప్పండి. చెప్పిన అంకెను మా అవ్వకూ ఎదురింటి ఏసీకీ ఒక్కటిగా రాయండి.

చదువరులకు చిన్న మనవి. ఈసారి కాగితం చేతికొచ్చినప్పుడు అడుగు వరుస వదిలి పైన మీ కోటా ఎంత రాశారో చూడండి, ఎదురింటి బిల్లు అడిగి తీసుకుని పక్కన పెట్టి చూడండి. చూశాక రెండింటికీ ఒక ఫోటో తీసి ఉంచుకోండి. రెండు నెలలు పోతే అక్షరాలుండవు.