చెంబెడు పాలు

గౌరవనీయులైన పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ వారి దివ్యసముఖమునకు,

విషయం: భూగోళాన్ని చల్లబరచడంలో నా వంతు పని – అమలు నివేదిక సమర్పణ గురించి.

సూచిక: తమరు విడుదల చేసిన 75 పనుల జాబితా.

అయ్యా,

హైదరాబాద్‌లో ఒక మధ్యతరగతి కాలనీ వాస్తవ్యుడనైన నేను విన్నవించుకొనునది ఏమనగా: 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధానమంత్రి గారు ‘లైఫ్’ అన్నారు. పర్యావరణానికి చేటు చేయని బతుకుతీరు అని దాని భావం. మరుసటి ఏడాది అక్టోబరు 20న గుజరాత్‌లోని కేవడియాలో, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి సమక్షంలో, దాన్ని ఉద్యమంగా ప్రారంభించారు. మనిషన్నవాడు చేయదగ్గ పనులు 75 అని తమరు లెక్క తేల్చారు. నేను ఆ జాబితాను ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకు అతికించాను. కాగితానికి రెండు వైపులా ప్రింటు తీయమని అందులోనే ఉన్న సంగతి అతికించాక చూశాను. క్షమించాలి.

ఇక అమలు సంగతి. ఇంట్లో బల్బులన్నీ ఎల్‌ఈడీలే. కూరగాయలు కడిగిన నీళ్లు తులసికోటకు పోతున్నాయి. ఎర్ర లైటు పడగానే బండి ఇంజను ఆపేస్తున్నాను; పచ్చ లైటు పడ్డాక అది మళ్లీ స్టార్టయ్యేలోపు వెనకవాళ్లు నా వంశవృక్షాన్ని తలుచుకుంటున్నారు. బజారుకు గుడ్డ సంచి పట్టుకెళ్తున్నాను. మరిచిపోయిన రోజున కూరగాయలాయన కవర్ ఇస్తాడు. 2022 డిసెంబరు 31 నుంచి ప్లాస్టిక్ సంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదన్నది తమరి నిబంధన. ఈయన కవర్‌లో కొత్తిమీర వేస్తే బయట నుంచే ఆకులు లెక్కపెట్టొచ్చు.

తడి చెత్త, పొడి చెత్త రెండు డబ్బాల్లో వేరు చేస్తున్నాం. అరటి తొక్క పొడి డబ్బాలో పడిందని మా ఇంట్లో ఒక పూట మాటలు బందయ్యాయి. ఇంత నిష్ఠగా వేరు చేసిన రెండు డబ్బాలనూ పొద్దున్నే చెత్త ఆటో అబ్బాయి ఒకే గుట్టలో కుమ్మరిస్తాడు. అదేమిటి బాబూ అంటే, ‘అక్కడికి పోయినాక అంతా ఒకటే సార్’ అన్నాడు. ఇంతటి వేదాంతం నేను ప్రవచనాల్లో కూడా వినలేదు.

ఏసీని 24 డిగ్రీల దగ్గరే ఉంచమన్నారు. ఉంచాను. నిజానికి 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 మీదే మొదలవుతున్నాయి కాబట్టి ఇందులో నా త్యాగం లేదు. ఇక్కడే ఒక చిన్న విషయం దాచాను, ఇప్పుడు చెప్పేస్తాను. 24లో ఉన్నది ఒక ఏసీ కాదు, మూడు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచి వచ్చేదే. నా మూడు గదులు చల్లబడటానికి ఎండలకు పేరుమోసిన రామగుండంలో బాయిలర్లు మండుతున్నాయి. అక్కడివాళ్లు కూడా ఫ్రిజ్‌కు జాబితా అంటించుకునే ఉంటారు.

ఇంకొకటీ దాచాను. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మేం దంపతులం ఏడాదికోసారి వెళ్లొస్తాం. మన దేశంలో సగటు మనిషి ఏడాది మొత్తం మీద గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు రెండు టన్నులు. ఆ ఒక్క ప్రయాణంలో, రానూపోనూ, నా ఒక్కడి పద్దే దాదాపు అంత అవుతుంది. అన్నం వృథా కాకుండా చిన్న పళ్లెంలో తినమని తమరి జాబితాలో ఉంది. విమానం మాట మాత్రం ఎంత వెతికినా నాకు కనబడలేదు. కనబడనందుకు సంతోషించాననీ ఒప్పుకుంటున్నాను.

మా ఇంట్లో ఆ జాబితాను తు.చ. తప్పకుండా పాటించే మనిషి ఒకరున్నారు. మా ఇంటి పనికి వచ్చే ఆవిడ. నడిచి వస్తుంది, దూరమైతే బస్సెక్కుతుంది. కుండలో నీళ్లు తాగుతుంది. లిఫ్టు ఎక్కదు, ఎక్కనివ్వరు, అది వేరే సంగతి. పాత చీర చింపి సంచి కుడుతుంది, సంచి చిరిగితే మసిగుడ్డ చేస్తుంది. ఆ జాబితా ఒకటి ఉందని ఆవిడకు తెలియదు. మే నెలలో ఆవిడ రేకుల ఇంట్లో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. అప్పుడు మా గదిలో 24.

చిన్నప్పుడు చెప్పుకున్న కథ తమరికి గుర్తుండే ఉంటుంది. ఊళ్లో ఇంటికో చెంబెడు పాలు తెచ్చి చీకట్లో చెరువులో పోయమని రాజుగారు చాటింపు వేయించాడు. అందరూ పాలు పోస్తారు, నేనొక్కణ్ణి నీళ్లు పోస్తే ఎవరికి తెలుస్తుందిలే అని ప్రతివాడూ అనుకున్నాడు. తెల్లారి చూస్తే చెరువు నిండా నీళ్లే. ‘ఒక్కడితో ఏమవుతుంది’ అనే మాటకు ఇంతకన్నా మంచి జవాబు లేదు. కాకపోతే మన కాలంలో కథ కొంచెం మారింది. పాడి లేనివాళ్లు పాలు పోస్తున్నారు. పాడి ఉన్నవాళ్లం నీళ్లు పోస్తున్నాం, పైగా చెంబు తళతళలాడేలా తోముతున్నాం.

మరి రాజుగారు పోశాడా? కథలో ఆ సంగతి లేదు. మన రాజ్యాంగంలో ఉంది. 1976లో 42వ సవరణ పర్యావరణాన్ని కాపాడమని 51ఎ అధికరణలో పౌరుడికి చెప్పింది. అదే సవరణ 48ఎ అధికరణలో ప్రభుత్వానికీ అదే చెప్పింది. ఒకే రోజున, ఒకే కంచరి చేసిన రెండు పాత్రలు. నాది చెంబు, తమరిది గంగాళం.

2025 ఉగాది సెలవుల్లో మా ఊళ్లో ఆ గంగాళం చప్పుడు విన్నాం. యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేదాకా చెట్లు కూలుతూనే ఉన్నాయి. అది రాష్ట్రం పని, మాది కాదంటారు. చెట్టుకు ఆ తేడా తెలియదు. అడ్డం నిలబడింది యూనివర్సిటీ పిల్లలు. అదే నెల 12న ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య కన్నుమూశారు. సైకిల్ మీద మొక్కలు, మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అని బోర్డు. కోటి మొక్కలు నాటిన మనిషిగా ఆయన్ను చెప్పుకుంటారు. తమ ప్రభుత్వమే 2017లో పద్మశ్రీ ఇచ్చింది. నాటినవాడికి బిరుదు, నరికినవాడికి బుల్డోజరు ఇచ్చే చేతులు ఒకే ఒంటివైతే, మాలాంటి చెంబులవాళ్లం ఎటు చూడాలో తెలియక తికమకపడుతున్నాం.

కాబట్టి నా ప్రార్థన ఇంతే. నేను వేరు చేసిన చెత్తను వేరుగానే తీసుకెళ్లండి. బస్సులు పెంచండి, బస్టాపు దాకా నడవడానికి ఫుట్‌పాత్ ఇవ్వండి. జాబితాలో ఏది గోరంతో, ఏది కొండంతో బరువు కట్టి రాయండి. విమానాన్నీ చేర్చండి, మొహమాటపడకండి. నా వంతుగా ఈ వేసవికి రెండు ఏసీలకు సెలవిస్తున్నాను. అందరం ఒకే గదిలో పడుకుంటే మా నాన్నగారి కాలం గుర్తొస్తుంది. ఈసారి మా అబ్బాయినే రమ్మంటాను. వాడు ఒక్కడు వస్తే రెండు టికెట్ల స్థానంలో ఒకటే.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇన్నాళ్లూ నీళ్లు పోసినవాడు.

నకళ్లు:
1. మా కాలనీలో మూడు ఏసీలున్న ఇళ్లన్నిటికీ – తగు చర్య నిమిత్తం.
2. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు – సమాచార నిమిత్తం మాత్రమే. ఆవిడ చేయాల్సింది ఏమీ మిగల్లేదు.