సగం అన్నం, సగం చిప్సు

న్యూయార్క్‌లో ఏడో నంబరు రైలెక్కి చివరిదాకా కూర్చుంటే ఫ్లషింగ్. అక్కడ గణేశుడి గుడి క్యాంటీన్‌లో దోసె దొరుకుతుంది. అంతవరకూ ఆకలి ఆగదనుకుంటే డెబ్బై నాలుగో వీధిలో దిగి సమోసాలు తినొచ్చు. అంతకన్నా ముందే, ఉడ్‌సైడ్‌లో, భోజనానికి దిగే తెలుగువాడు అరుదు. తెనాలి నుంచి వచ్చిన మా బాబాయి దిగుదామన్నాడు. "దోసె తినడానికి ఇంత విమానం ఖర్చు పెట్టుకున్నానట్రా?"

ఉడ్‌సైడ్ ఒకప్పుడు ఐరిష్ వాళ్ల పేట. ఇప్పుడు ఫిలిప్పీన్స్ వాళ్లూ, లాటిన్ అమెరికా వాళ్లూ, మన దేశం వాళ్లూ చేరారు గానీ, రైలు వంతెన చుట్టుపక్కల ఐరిష్ పబ్బులు ఇంకా ఉన్నాయి. ఒకదాంట్లో దూరాం.

మెనూ చూసి బాబాయి డీలాపడ్డాడు. బర్గర్‌లో గొడ్డుమాంసం. క్యాబేజీ పక్కన గొడ్డుమాంసం. గిన్నిస్ బీరు పోసి ఉడికించిందీ అదే. షెపర్డ్స్ పై అంటే గొర్రెలకాపరి వంటకమే కదా అని ఆశగా దానిమీద వేలు పెట్టాడు. అసలు పద్ధతిలో గొర్రె మాంసంతోనే చేస్తారు. అమెరికాలో చాలాచోట్ల అందులోనూ గొడ్డుమాంసమే. వెయిట్రెస్ ఆ సంగతి చెప్పగానే, "కాపరి గొర్రెల్ని అమ్మి ఆవుల్ని కొన్నాడన్నమాట" అని నిట్టూర్చాడు.

ఆవిడకి జాలేసినట్టుంది. చికెన్ కర్రీ ఉందంది. అన్నంతోనా, చిప్సుతోనా, సగం సగమా అనడిగింది.

"సగం సగమే!" అన్నాడు బాబాయి, నేను తెలుగులోకి మార్చకముందే.

ఈలోగా గిన్నిస్. బార్‌టెండర్ ముప్పాతిక గ్లాసు పోసి వేరే పనిలో పడ్డాడు. నురగ కుదురుకున్నాకే మిగతాది పోయాలట. మొత్తం 119.5 సెకన్లు పట్టాలని కంపెనీవారి లెక్క. ఆ అర సెకను కొలిచిన మహానుభావుడెవరో!

కూర వచ్చింది. పళ్లెంలో ఒక పక్క తెల్లన్నం, ఇంకో పక్క వేడివేడి బంగాళాదుంప వేపుడు ముక్కలు, మీద పచ్చగా చిక్కటి పులుసు. అన్నంలోకి పులుసు, నంజుకోను దుంప వేపుడు! ఐర్లండ్‌లో ఇలా సగం సగం అడగడం మామూలేనట. మన భోజనానికి ఇంత దగ్గరగా వచ్చినవాళ్లు, కారం దగ్గర ఎందుకు ఆగిపోయారో తెలీదు.

కాసేపటికి బార్‌టెండర్ బాబాయి ముందు చిన్న గ్లాసొకటి బోర్లించి వెళ్లాడు. "ఇక దయచెయ్యమంటున్నాడా?" అని బాబాయి కంగారు. కాదు, తర్వాతి గ్లాసు బారువాళ్ల లెక్కలో అని గుర్తు. న్యూయార్క్ బార్లలో దీన్ని బయ్‌బ్యాక్ అంటారు. కూరగాయల బజార్లో కరివేపాకు కొసరందే కదలని మనిషికి అంతకుమించి విడమర్చక్కర్లేకపోయింది. కొసరుకి కొసరుంటుందేమో కనుక్కోమన్నాడు.

కొసరు ఊరికే రాదు. గ్లాసుకో డాలరైనా బల్లమీద టిప్పు వదలాలి. ఉడ్‌సైడ్‌లో దిగేవాళ్లు మెనూతో కుస్తీ పట్టకుండా కర్రీ సగం సగం అడగండి. వెంట ఆవకాయ సీసా ఉంటే మొహమాటపడకుండా పైకి తీయండి. మమ్మల్నెవరూ ఏమీ అనలేదు.