‘ఆగుమన్న చోట’: బ్రేకు ప్యాడు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
ఆగుమన్న చోట నరచుచు నాగును
అరవకున్నదేమొ యాగదయ్య
చల్లనైన వేళ సత్తువ లేనిది
కాలినపుడు చూడు గాఢముష్టి

అవతారిక: కాలిఫోర్నియా నివాసియగు ఒకానొక కవి పోర్షే 911 జీటీ3 కారు కొని, సెలవు రోజుల్లో మాంటెరే దగ్గరి లగూనా సెకా ట్రాక్ మీద తిప్పుకొనుటకై ఫ్యాక్టరీ ప్యాడ్లు తీయించి రేసు ప్యాడ్లు వేయించుకొనెను. సోమవారంనాడు ఆఫీసు సెల్లారులోకి దిగుచుండగా కారు కూసిన కూతకు నలుగురూ తల తిప్పి చూచిరి. అంతట కవి సిగ్గుపడక, కారును వెనకేసుకొని వచ్చి ఈ పద్యము చెప్పెను. పేరు మాత్రం చెప్పుకోలేదు. అది మంచి పనే.

ప్రతిపదార్థం: ఆగుమన్న చోటన్ = ఎర్ర లైటు దగ్గర, సెల్లారు ర్యాంపు మీద, స్పీడు బ్రేకరు ముందర; అరచుచున్ = కీచుమని కూయుచు; ఆగును = నిలుచును; అరవక ఉన్నది = సద్దు చేయని ప్యాడు; ఏమొ = సందేహార్థకం, దీని సంగతి ముందు తేలుతుంది; ఆగదు = నిలవదు (అని కవి అభియోగం); అయ్య = పక్క కారాయనకు సంబోధన; చల్లనైన వేళన్ = పొద్దున్నే ఇంటి గేటు దాటేటప్పుడు; సత్తువ లేనిది = పట్టు చాలనిది; కాలినపుడు = వందల డిగ్రీల వేడెక్కినపుడు; చూడు = చూడుము (చూడడమే, ముట్టుకోరాదు); గాఢముష్టి = బిగి పిడికిలి.

రెండో పాదం అచ్చుతో మొదలైంది, సంధి ఎందుకు చేయలేదని లాక్షణికులు అడుగుతారు. కవి అక్కడ బ్రేకు వేశాడు. విసంధి సకారణం.

తాత్పర్యం: గట్టిగా పట్టే ప్యాడు అరుస్తుంది, అరవనిదాన్ని నమ్మలేము, నా ప్యాడు చల్లగా ఉన్నప్పుడు పనికిరాకపోయినా వేడెక్కితే దానికి సాటి లేదు అని భావం. మొదటి మాట సగం నిజం, రెండోది దాదాపు అబద్ధం. మూడోది మాత్రం పచ్చి నిజం. అందరికన్నా కవే దానికి భయపడవలసింది, ఆయనేమో గొప్పగా చెప్పుకున్నాడు.

‘అరచుచు’: పద్యానికి ప్రాణం ఈ మాటే కనుక ఇక్కడ కొంతసేపు ఆగుదాం. డిస్కు పోత ఇనుప చక్రం. ప్యాడు దాన్ని పట్టుకోబోయి జారి, మళ్ళీ పట్టుకొని మళ్ళీ జారి, సెకనుకు వేలసార్లు తడబడగలదు. నల్లబల్ల మీద సుద్దముక్క కీచుమనేదీ ఇలాగే. కానీ తడబాటు ఒక్కటే అంత మోత పుట్టించదు. డిస్కుకు తనదైన కంపనం ఉంటుంది. ప్యాడుకూ, దాన్ని పట్టుకున్న కాలిపర్‌కూ వాటివి వాటికుంటాయి. ఆ కంపనాలు దగ్గరికొచ్చి ఒకదానికొకటి వంత పాడడం మొదలుపెడితే, రాపిడిలోని శక్తి కొంత వాటికి మేతవుతుంది. ఇక డిస్కు వెడల్పాటి లోహఫలకం కదా, ఊగి గాలినీ ఊపుతుంది. సుమారు 1,000 హెర్ట్జ్ నుంచి 15,000 దాకా వచ్చే ఈ మోతనే కీచు అంటాం. మనిషి చెవికి మహా చురుకైన 2,000–5,000 హెర్ట్జ్ మేర కూడా అందులోనే పడింది. సెల్లారు దగ్గరి సెక్యూరిటీ గార్డు తల తిప్పాడంటే తప్పు ఆయనది కాదు.

ఫ్యాక్టరీ వాళ్ళు ఈ కూతను అణచడానికి చాలా పాట్లు పడతారు. ప్యాడు వెనక రబ్బరు పొర అంటించిన పలుచని ఉక్కు రేకు (షిమ్) పెడతారు, అంచులు ఏటవాలుగా చెక్కుతారు, వెనక పలక కాలిపర్‌ను తాకే చోట గ్రీజు రాస్తారు. రేసు ప్యాడు చేసేవాడికి ఈ శ్రద్ధ ఉండదు. అతని దృష్టంతా పట్టు మీదే. పైగా ఘర్షణ గుణకం పెరిగేకొద్దీ కంపనాలు జతకట్టే అవకాశమూ పెరుగుతుంది. అంటే కూతా పట్టూ ఒకే వేరు నుంచి పుట్టినవి. కవి మొదటి పాదంలో సగం నిజం ఉందన్నది ఇందుకే. తక్కిన సగమేమిటంటే, కూత ఎక్కువగా వచ్చేది పెడల్ మెల్లగా నొక్కి నింపాదిగా ఆగేటప్పుడు. ట్రాక్ మీద గట్టిగా తొక్కినప్పుడు అంతగా రాదు. వచ్చినా 9,000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజను వెనక ఉండగా దాన్ని వినేదెవరు? కనుక కారు అరిచిందంటే గొప్పగా ఆగుతోందని కాదు, తీరిగ్గా ఆగుతోందని అర్థం.

ఈ కూతకు కొంత చరిత్ర కూడా ఉంది. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. లోహపు డిస్కును రాగి తొడుగులు పట్టుకోగానే పుట్టిన కీచు వినలేకపోయారు. కొన్నేళ్ళకు హెర్బర్ట్ ఫ్రూడ్ రాగి స్థానంలో ఆస్బెస్టాస్ వేయించి దాని నోరు మూయించాడు. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల్ని తినేస్తుందని తెలిసీ దశాబ్దాలు గడిచాక, 1999లో గానీ బ్రిటన్ దాన్ని ప్యాడ్లలో నిషేధించలేదు. ఆధునిక ప్యాడ్లలోకి రాగి పొడి రూపంలో తిరిగొచ్చింది. వేడిని తట్టుకుంటుంది, సద్దూ తగ్గిస్తుంది. ఆ ధూళి వాననీటితో వాగుల్లో చేరి సాల్మన్ చేపల ఘ్రాణశక్తిని చెడగొడుతోందని తేలాక, కవిగారు నివసించే కాలిఫోర్నియాయే 2010లో చట్టం చేసింది. ప్యాడులో రాగి 2021 నుంచి 5 శాతం మించరాదు, 2025 నుంచి అర శాతం మించరాదు. కవికి ఇదంతా తెలుసో లేదో గాని, పద్యంలో చేపల ఊసు లేదు.

‘ఏమొ’: ఈ రెండక్షరాలు లేకపోతే కవి అబద్ధాలకోరు అయ్యేవాడు. అరవని ప్యాడు ఆగదా? ఆరోగ్యంగా ఉన్న ఫ్యాక్టరీ ప్యాడు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రాలు ఏబీఎస్ దాకా వెళ్ళేంత గట్టిగా పట్టుకుంటుంది. అక్కడి నుంచి కారు ఎంత దూరంలో నిలుస్తుందన్నది టైరుకూ రోడ్డుకూ మధ్య వ్యవహారం. ఖరీదైన ప్యాడు వేసినంత మాత్రాన ఆ దూరం తగ్గదు.

మరి రేసు ప్యాడు ఎందుకయ్యా అంటే, ఒకసారి ఆగడానికి కాదు, పదోసారి కూడా మొదటిసారిలాగే ఆగడానికి. మనిషితో సహా ఒకటిన్నర టన్నుల కారు 200 కిలోమీటర్ల వేగం నుంచి నిలబడాలంటే సుమారు 23 లక్షల జౌళ్ళ శక్తి ఎక్కడికైనా పోవాలి. అది 30 డిగ్రీల నీళ్ళు దాదాపు 8 లీటర్లను మరుగుకు తెచ్చేంత వేడి. చాలా భాగం డిస్కుల్లోకే పోతుంది. లగూనా సెకాలో తిన్నని దారి చివర ఆండ్రెట్టి హెయిర్‌పిన్ ముందు ప్రతి చుట్టులోనూ ఈ వేడి కొత్తగా వచ్చి పడుతుంది, చల్లారడానికి వ్యవధి ఉండదు. మామూలు ప్యాడులోని జిగురు కాలి వాయువులు వెలువడతాయి, పట్టు సడలుతుంది. డ్రమ్ము బ్రేకుల కాలంలో ఈ బాధ మరీ ఎక్కువ. 1953లో లె మాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులతో దిగిన జాగ్వార్ సీ-టైప్ గెలిచిన కారణాల్లో ఈ బాధ తప్పడం ఒకటి. ఇతరులు పెడల్ మీద కాలు పెట్టిన చోటు దాటాక గాని దాని డ్రైవర్లు పెట్టనక్కరలేకపోయింది.

‘చల్లనైన వేళ’: కవి దీన్ని వినయంగా ఒప్పుకున్నట్టు కనిపిస్తాడు గాని, ఇంటి నుంచి మొదటి కూడలి దాకా ఉన్న దారంతా ఈ చల్లని వేళే. అక్కడే పిల్లలు బడికి రోడ్డు దాటుతుంటారు. చల్లని రేసు ప్యాడు పెడల్ తొక్కగానే పట్టదు. ఇంకా గట్టిగా తొక్కాలి. దానికి తగిన వేడి ఆఫీసు దారిలో ఎన్నడూ అందదు. డిస్కు మీద పరుచుకోవలసిన ప్యాడు పొర పరుచుకోకపోగా, ఉన్న పొరను కూడా గీకేస్తుంది. డిస్కు అరుగుతుంది, కూత హెచ్చుతుంది. కొత్త ప్యాడు వేసినప్పుడు బెడ్డింగ్ చేయమనేది ఆ పొర కోసమే. ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, గట్టిగా బ్రేకు వేసి, పూర్తిగా ఆగకుండా వదిలి, అలా వరసగా కొన్నిసార్లు చేసి చల్లారనివ్వాలి. వేడి మీద పెడల్ తొక్కిపట్టి నిలబడితే ప్యాడు ముద్ర డిస్కు మీద పడుతుంది, తర్వాత స్టీరింగు వణుకుతుంది. శుక్రవారం ఒక రకం, సోమవారం ఒక రకం ప్యాడు మార్చేవారికి ఇంకో చిక్కు. డిస్కు మీద పాతదాని పొర మిగిలి ఉంటుంది, కొత్తది దానితో పొసగక మళ్ళీ అరుస్తుంది.

‘కాలినపుడు’: పిడికిలి ఎంత బిగిసినా దాన్ని బిగించేది బ్రేక్ ఆయిలే. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ కనీసం 155కి దిగిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకంటుతుంది. కవి దీన్ని చెప్పలేదు. వేల డాలర్ల ప్యాడ్లూ డిస్కులూ వర్ణించేవారు సీసాడు ఆయిల్‌ను వర్ణించకపోవడం కావ్యలోకంలో కొత్త కాదు.

శంక: విద్యుత్ కార్ల కాలంలో ఈ పద్యానికి ఉపయోగమేమిటి? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తినప్పుడు వేగం తగ్గించే పనిలో ఎక్కువ భాగం మోటార్లే చేశాయి, ఆ శక్తిని బ్యాటరీకి జమ కట్టాయి. అటువంటి కార్లకు ఈ పద్యం వర్తించదు, లేదా అక్కడక్కడ వర్తిస్తుంది. మన కవిది పెట్రోలు కారు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో మొదటి పాదంలో ‘అరచుచు’కు బదులు ‘గీరుచు’ అని కనిపిస్తుంది. ప్యాడు పూర్తిగా అరిగి, వెనక ఉన్న ఉక్కు పలక డిస్కును రాసుకునేటప్పుడు వచ్చే గరగర ఇది. గట్టిగా తొక్కితే తగ్గేది కాదు, పెరిగేది. సర్వీసు సెంటర్లో ‘అది మామూలే’ అనే సంప్రదాయ వ్యాఖ్య కీచు విషయంలో చాలాసార్లు చెల్లుతుంది, ఈ గరగరకు చెల్లదు. ‘గీరుచు’ అనే పాఠాన్ని అంగీకరిస్తే యతి చెడుతుంది. డిస్కూ చెడుతుంది. ఈ పాఠం వినబడిన రోజున వ్యాఖ్యానాలు వెదకక, బండి పక్కకు ఆపి చక్రం విప్పించవలెను.