గాలం వేసేవాడు ఏ పద్దు కింద వస్తాడు?

మహారాజశ్రీ బర్కిలీ నగరపాలక మండలి వారికి, వారి ఇంజినీర్లకు, వారు ఇప్పటికే నియమించుకున్న, ఇకముందు నియమించుకోబోయే సమస్త కన్సల్టెంట్లకు నమస్కారాలు.

విషయం: కాలిఫోర్నియాలో యూనివర్సిటీ అవెన్యూ కొసన, శాన్‌ఫ్రాన్సిస్కో బే నీళ్ల మీద మూతబడి ఉన్న పియర్‌ను మళ్లీ కట్టాలా వద్దా అనే అధ్యయనం గురించి.

అయ్యా, 2015లో పియర్ ప్రమాదకరంగా ఉందని తమరు దారి మూసేశారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఉప్పునీళ్లలో ఏళ్ల తరబడి నానిన కట్టడం ముందుగా కబురు పెట్టి కూలదు. 2024 డిసెంబరులో శాంటాక్రూజ్ వార్ఫ్ కొస భాగం, బాగుచేసే పని నడుస్తుండగానే, ముగ్గురు మనుషులతో సహా సముద్రంలో పడింది. అదృష్టం కొద్దీ ముగ్గురూ బతికారు. కాబట్టి మూసినందుకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి పదేళ్ల మీదే. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు హైస్కూలుకొచ్చేశారు, అధ్యయనం మాత్రం ఇంకా చదువుకుంటూనే ఉంది.

ఈ పియర్ పుట్టుకే ఒక తమాషా. 1926లో గోల్డెన్ గేట్ ఫెర్రీ కంపెనీ కార్లను పడవల మీద శాన్‌ఫ్రాన్సిస్కోకు దాటించడానికి దీన్ని కట్టింది. ఇక్కడ తీరం వెంట నీళ్లు లోతు తక్కువ, అడుగంతా బురద. పడవ తేలేంత లోతు దొరికేదాకా కట్టుకుంటూ పోతే పియర్ పొడవు మూడున్నర మైళ్లయింది. అంత కష్టపడి కట్టిన పదేళ్లకే, 1936 నవంబరులో, బే బ్రిడ్జి తెరుచుకుంది. కార్లన్నీ వంతెనెక్కాయి, ఫెర్రీ మూతపడింది. ఎవరికీ అక్కర్లేని కట్టడంలో ఒడ్డువైపు మూడు వేల అడుగులు చేపలు పట్టేవాళ్ల పాలబడ్డాయి. మిగతాదంతా శిథిలమైపోయింది.

అంటే ఫెర్రీ కాపురం పదేళ్ల ముచ్చట. గాలాలవాళ్ల కాపురం దశాబ్దాలది. అధ్యయనం మొదటి పేజీలో ఉండాల్సిన మాట ఇదీ.

వాళ్లెవరో తమరికి తెలియక కాదు. కాలిఫోర్నియాలో పదహారేళ్లు నిండినవాళ్లు చేపలు పట్టాలంటే ఏడాదికి 60 డాలర్లు దాటే లైసెన్సు కొనాలి. సముద్రం మీదా, బే మీదా ఉన్న పబ్లిక్ పియర్ల మీద మాత్రం అది అక్కర్లేదు. మనిషికి రెండు గాలాలకు మించకూడదు. పడవ కొనలేనివాడికి, చార్టర్ బోటు టికెట్టు పెట్టలేనివాడికి దక్కే సముద్రం ఇదే. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో గాలపు కర్ర, జేబులో ఎర కోసే చిన్న కత్తి, ఇంతే సరంజామా. జాక్‌స్మెల్ట్ లాంటి చిన్న చేప పడితే చాలనుకుని వచ్చినవాడికి ఒక్కోసారి స్ట్రైప్డ్ బాస్ తగిలి కర్ర విల్లులా వంగేది. డంజెనెస్ పీత పైకొస్తే మాత్రం నోరూరినా మళ్లీ నీళ్లలో వదలాల్సిందే. బే లోపల దాన్ని పట్టడం నిషేధం.

పట్టింది ఇంటికి తీసుకెళ్లి వండుకునేవాళ్లూ ఉన్నారు. బంగారం తవ్వకాల కాలం నాటి పాదరసం, ఆ తర్వాతి ఫ్యాక్టరీల పీసీబీ రసాయనాలు బే చేపల్లో ఉన్నాయని, ఏ చేప వారానికి ఎన్నిసార్లు తినవచ్చో రాష్ట్ర ఆరోగ్య అధికారులు చెబుతూనే ఉన్నారు. సరదాకు పట్టేవాడి కంటే కూర కోసం పట్టేవాడికే ఆ హెచ్చరిక ఎక్కువ అవసరం. ఈ రెండో రకం మనిషి పబ్లిక్ మీటింగుకు వచ్చి మైకు ముందు నిలబడడం అరుదు.

ఇప్పుడు తమరు ఈ కాలపు బే ఫెర్రీ సంస్థతో కలిసి, పడవల రేవూ షికారు పియరూ ఒకటిగా కడితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నారు. ఆలోచన మంచిదే. ఫెర్రీ వస్తే నిధులు అడగడానికి దారి దొరుకుతుంది. భయమల్లా ఒక్కటే. ఫెర్రీ ప్రయాణికుడు టికెట్టు కొంటాడు గనుక లెక్కకెక్కుతాడు, గాలం వేసేవాడికి రసీదు ఉండదు. బడ్జెట్ కోత పడిన రోజున ఎవరి వంతు ఎగిరిపోతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

జాప్యం ఖరీదెంతో మన రాష్ట్రంలోనే చూడవచ్చు. శాన్‌డియేగోలో 1966లో తెరిచిన 1,971 అడుగుల ఓషన్ బీచ్ పియర్‌కు తుఫాను దెబ్బ తగిలిన ప్రతిసారీ అతుకులు వేస్తూ వచ్చారు. 2023లో మూశారు, మరుసటి ఏడు ఇక పాతదాన్ని తెరవబోమన్నారు. కొత్తదాని అంచనా 17 నుంచి 19 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది. కాపిటోలాలో మరోలా జరిగింది. 2023 జనవరి తుఫానుకు నడుమ తెగిన వార్ఫును మరుసటి ఏడు సెప్టెంబరుకల్లా బాగుచేసి జనానికి అప్పగించారు. అది చిన్నది, నిజమే. ఆ చిన్నతనమే ఇక్కడ పనికొచ్చే విషయం.

ఎందుకంటే లోతు కావాల్సింది పడవకు. జాక్‌స్మెల్ట్‌కు మూడు వేల అడుగులూ అక్కర్లేదు. కనుక ప్లానులో చేపలవాళ్ల భాగాన్ని విడిగా, మొదటి విడతగా చూపించండి. ఫెర్రీకి డబ్బు రాకపోయినా అదొక్కటే కట్టుకునేలా దాని ఖర్చు వేరే వరుసలో రాయండి. పడవలు ఆగేచోట గాలాలు వేయనివ్వరు గనుక రెయిలింగు పొడవులో ఎన్ని అడుగులు చేపలవాళ్లవో అంకె వేయండి. చేపలు కడుక్కోవడానికి ఒక కుళాయి, కోసుకోవడానికి ఒక బల్ల కూడా గీయించండి.

ఇట్లు,
టికెట్టు కొననివాళ్ల తరఫున, తమ విధేయుడు